వోల్టేజీ వస్తోంది, ఆంప్స్ మాత్రం సున్నా!

ప్రశ్న: సార్, మాది నర్సంపేట. హన్మకొండలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. ఈమధ్యే డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. 9 వోల్టుల బ్యాటరీలో కరెంటు ఎంతుందో చూద్దామని నాబ్ మిల్లీ ఆంప్స్ మీద పెట్టి రెండు కొసలకూ వైర్లు ఆనించాను. అప్పటి నుంచి వోల్టేజీ బాగానే చూపిస్తోంది కానీ కరెంటు ఎక్కడ పెట్టినా సున్నానే. మీటర్ పోయినట్టేనా?

జవాబు: టెన్షన్ పడకండి, చాలావరకు పోయింది లోపలి ఫ్యూజే. దాన్ని బయటికి తీసి మీ ఫ్రెండ్ మీటర్‌లో కంటిన్యుటీ (తీగ తెగిందో లేదో చూసే సెట్టింగ్) పెట్టి చూడండి, బీప్ రాకపోతే అదే. మళ్లీ అదే రేటింగ్ ఫ్యూజు వేయండి, రాగి తీగ పోగు చుట్టి నడిపించడం మాత్రం వద్దే వద్దు, ఈసారి ఏకంగా మీటరే కాలుతుంది.

ఎందుకు పోయిందో చెప్తాను. బ్యాటరీలో కరెంటు నిల్వ ఉండదు. దాని కొసల మధ్య ఉండేది వోల్టేజీ, ఎంత కరెంటు పారాలో మనం తగిలించిన లోడు, అంటే బల్బో మోటరో, తేలుస్తుంది. వోల్టేజీ చూసేటప్పుడు మీటర్ రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, లక్షల ఓమ్‌లు, అందుకే ఏ రెండు పాయింట్ల మధ్య పెట్టినా సర్క్యూట్‌కు పెద్దగా తేడా రాదు. ఆంప్స్ మీద పెడితే ఒకటి రెండు ఓమ్‌లకు పడిపోతుంది, అంటే మీరు బ్యాటరీని దాదాపు షార్ట్ చేశారన్నమాట. ఆంప్స్ చూడాలంటే సర్క్యూట్‌ను ఒకచోట తెంపి, ఆ రెండు కొసల మధ్య మీటర్ సిరీస్‌లో రావాలి, అంటే కరెంటంతా దాని గుండానే పారాలి.

నేనైతే చిన్న సర్క్యూట్లలో అసలు తెంపను. 470 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ సిరీస్‌లో పెట్టి ఆ బ్యాటరీకి కలపండి. మీటర్‌ను వోల్టేజీ మీద పెట్టి చూస్తే ఎల్‌ఈడీ మీద సుమారు 2 వోల్టులు, రెసిస్టర్ మీద 7 వోల్టుల దాకా వస్తాయి. ఆ 7ని 470తో భాగిస్తే 15 మిల్లీ ఆంప్స్ దగ్గరికి వస్తుంది, అదే మీ కరెంటు. రెండు వోల్టేజీలూ కూడితే బ్యాటరీ వోల్టేజీ రావాలి, రాకపోతే ఎక్కడో కనెక్షన్ లూజుగా ఉంది. ఇది చేతికి అలవాటైతే ఓమ్ సూత్రం (వోల్టేజీని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు) బట్టీ పట్టే పనే ఉండదు.

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. 5 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటరు ఎన్ని ఆంప్స్ తీస్తోందో చూద్దామని కేబులుకు క్లాంప్ మీటర్ (వైరు తెంపకుండా చుట్టూ పట్టి ఆంప్స్ చూసేది) పెడితే సున్నా వచ్చింది. మోటరు నడుస్తూనే ఉంది. ఎందుకిట్లా?

జవాబు: మూడు ఫేజుల వైర్లనూ కలిపి పట్టారు, వాటి ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంది. మెయిన్ ఆపి, స్టార్టర్ డబ్బా తెరిచి, ఒక్క వైరుకే క్లాంపు తగిలించి అప్పుడు ఆన్ చేయండి, ఇలా మూడు వైర్లకూ విడివిడిగా చూడాలి. మామూలుగా 7 నుంచి 9 ఆంప్స్ మధ్య రావాలి, మూడూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, మోటరు ప్లేటు మీది అంకెతో పోల్చుకోండి. లో వోల్టేజీలో ఆంప్స్ పెరుగుతాయి, వైండింగ్ కాలేది చాలాసార్లు అప్పుడే. మామూలు మల్టీమీటర్‌ను ఆంప్స్ మీద పెట్టి ఈ లైన్లో ఎన్నడూ దూర్చకండి, ప్రాణాల మీదికి వస్తుంది. ఏ ఒక్క ఫేజైనా సున్నా చూపిస్తే వెంటనే మోటరు ఆపేయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిందనిపిస్తే లైన్‌మన్‌కు ఫోన్ చేయండి, మీరు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.