పొదల మాటున పాడే పిట్ట

ప్రశ్న: విశాఖ మన్యంలో అబాట్స్ బాబ్లర్ అనే అరుదైన పాటల పిట్ట ఉందని విని మిత్రులతో కలిసి వెళ్లాను. రోజంతా తిరిగినా కనిపించలేదు. ఈసారి ఎలా వెతకాలి? ఫోనులో దాని కూత వినిపిస్తే బయటికి వస్తుందంటున్నారు, అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీరు వెతుకుతున్నది ఏదో ఒక గోధుమరంగు పిట్ట కాదు, మన కొండల సొంత పిట్ట. ఈ జాతి ప్రధానంగా నేపాల్ నుంచి తూర్పు హిమాలయాల దిగువ అడవుల మీదుగా ఆగ్నేయాసియా వరకు వ్యాపించి ఉండగా, దానికి ఎంతో దూరంగా మన తూర్పు కనుమల్లో ఒక చిన్న సమూహం విడిగా మిగిలింది. రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు 1985లో దీన్ని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి, విశాఖపట్నానికి చెందిన పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు మీద 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు. ఈ ఒక్క సంగతి కోసమైనా విశాఖవాసులు ఆ పిట్టను తెలుసుకోవాలని నా కోరిక.

ఇక వెతకడం గురించి. దీన్ని ముందు చెవితో పట్టుకోవాలి, ఆ తరువాతే కంటితో. చెట్ల కొమ్మల వైపు చూస్తూ నడిచేవారికి ఇది దాదాపుగా దొరకదు, ఎందుకంటే నేలకు దగ్గరగా, వాగుల పక్కన తీగలు అల్లుకున్న చిక్కటి పొదల్లోనే జంటగా మసలుతుంది. పొదలు కొట్టేసి నేల శుభ్రం చేసిన తోటల్లో తిరగడం మాని, తెల్లవారుతుండగానే అటువంటి వాగు ఒడ్డున ఒకచోట కూర్చోండి. మూడు నాలుగు స్వరాల స్పష్టమైన ఈల ఒకే పొదలోంచి మళ్లీ మళ్లీ వినిపిస్తే, లేచి వెళ్లకుండా ఆ పొద అడుగునే చూస్తూ ఉండండి. పొట్టి తోక, దృఢమైన ముక్కు, తెల్లని గొంతు, తోక కింద తుప్పురంగు ఛాయ, ఎక్కడా మచ్చలు లేని రొమ్ము కనిపిస్తే అదే. రొమ్ము మీద ముదురు చారలుండి, రాలిన ఆకుల మీద నడుస్తూ మేత ఏరుకునేది పఫ్-థ్రోటెడ్ బాబ్లర్. మన కనుమల్లో చాలామంది పొరబడేది దాని దగ్గరే.

ఫోనులో కూత వినిపించడం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. తన చోటులోకి మరో పక్షి చొరబడిందని భ్రమపడి అది మేతను, ఒక్కోసారి గూటిని కూడా వదిలి వస్తుంది. వేసవి నుంచి తొలకరి దాకా గూడు కట్టే కాలం కనుక అప్పుడు కలిగే నష్టం మరీ ఎక్కువ. ఇంత చిన్న సమూహాన్ని ఒక ఫొటో కోసం వచ్చిన ప్రతివారూ అలా పిలిస్తే అది ఆ వాగునే విడిచిపోవచ్చు. దానికి బదులు మీరు విన్న పాటను ఫోనులో రికార్డు చేసుకుని, తేదీ, వేళ, అక్కడి పొదల తీరు రాసిపెట్టుకోండి. పిట్ట కనిపించకపోయినా అది పనికివచ్చే సమాచారమే. గూడు కనబడితే ఆ చోటు ఎవరికీ చెప్పకండి. అడవి లోపలికి వెళ్లాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి.