సన్నగా ఉన్నా పొట్టలోపల కొవ్వు: బరువు కాదు, ముందు నడుము కొలవండి

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తుంటాను. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. ఇటీవల కడుపునొప్పి వచ్చి స్కానింగ్ చేయిస్తే నొప్పికి కారణమేమీ కనిపించలేదు గానీ, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ ఉందన్నారు. రక్తపరీక్షల్లో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని కొవ్వు) 238, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చాయి. మద్యం, సిగరెట్ అలవాటు లేదు. నెలకోసారి అలిపిరి మెట్లెక్కి కొండకు వెళతాను. కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నా పొట్ట కాస్త ముందుకు వచ్చింది. మా నాన్నగారికి షుగర్ ఉంది. లావుగా లేని నాకు ఇవన్నీ ఎందుకు వచ్చాయి? బరువు తగ్గాలా? పొట్ట తగ్గించే బెల్టు వాడవచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు ఎత్తు రాశారు, బరువు రాశారు, రిపోర్టులోని అంకెలన్నీ వరుసగా రాశారు. వీటన్నిటికంటే ముందు నేను అడగదలచిన అంకె మాత్రం మీ ఉత్తరంలో లేదు. అది నడుము చుట్టుకొలత. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, సుమారు 22. మన దేశంలో 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు కాబట్టి ఆ లెక్క ప్రకారం మీకు ఏ ఇబ్బందీ లేనట్టే. అయితే ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అన్నది బీఎంఐ చెప్పలేదు. మీ సమస్య అంతా ఆ కొవ్వు చేరిన చోటులోనే ఉందని మీ రిపోర్టులు చూస్తే అర్థమవుతోంది.

చర్మం కింద ఉండే కొవ్వు వేళ్ల మధ్య పట్టుకుంటే తెలుస్తుంది. కడుపు లోపల, పేగుల మీద పరుచుకుని ఉండే పొరలోనూ అవయవాల చుట్టూనూ పేరుకునే కొవ్వు చేతికి అందదు, చొక్కా వేసుకుంటే కంటికీ ఆనదు. ఆ పొరల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. దానితోపాటు వచ్చే కొవ్వు ఆమ్లాలను తట్టుకోలేక కాలేయం కొంత కొవ్వును తనలోనే దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. పైగా ఇన్సులిన్ మాట వినడం తగ్గి, అవసరం లేని వేళ కూడా చక్కెర తయారుచేస్తుంది. మీ ఫ్యాటీ లివర్, 238 ట్రైగ్లిజరైడ్స్, తగ్గిన హెచ్‌డీఎల్, హద్దు దాటుతున్న షుగర్ నాలుగు వేర్వేరు జబ్బులు కావు. ఒకే మూలం నుంచి పుట్టినవి. దీన్ని ఇలాగే వదిలేస్తే మధుమేహానికి, రక్తపోటుకు, గుండె రక్తనాళాలు పూడుకుపోవడానికి దారితీసే అవకాశం ఎక్కువ. సన్నగా ఉన్నవారు 'నాకేం' అనుకుని పరీక్షలకే రారు కాబట్టి వారిలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది. మీకు ఇంత త్వరగా తెలియడం నిజంగా మేలు చేసింది.

లావు లేకుండా ఇది ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకు పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్నిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోతోనే జవాబు చెప్పారు. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్నిక్‌కు 21.2 శాతం ఉంది. మనవాళ్లలో చాలామందికి పుట్టుక నుంచే కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు కూడా పరిమితం కావడంతో, మిగులు కొవ్వు త్వరగా లోపలికి, కాలేయంలోకి చేరుతుంది. దీనికి మీ తండ్రిగారి నుంచి వచ్చిన తత్వం, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం తోడయ్యాయి.

ఇప్పుడు కొలత సంగతి. ప్యాంటు సైజు చూసి నడుము ఇంత అనుకోవద్దు. పొట్ట ఉన్నవారు ప్యాంటును పొట్ట కిందికి కట్టుకుంటారు కాబట్టి ఆ సైజు ఏళ్ల తరబడి మారదు. చొక్కా తీసి నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా చూడండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తులో సగానికి మించకూడదన్నది మరింత సులువైన లెక్క, అంటే మీకు 85. దీని కోసం సీటీ, ఎంఆర్‌ఐ స్కాన్లు అవసరం లేదు.

బరువు కొద్దిగా తగ్గితే చాలు. మీలాంటి సన్నని వారిలో 3 నుంచి 5 శాతం, అంటే రెండు మూడు కిలోలు నిదానంగా తగ్గినా కాలేయంలోని కొవ్వు చెప్పుకోదగ్గంతగా కరుగుతుంది. కానీ రాత్రి భోజనం మానేసి, పస్తులుండి తగ్గితే ముందు కరిగేది ఇప్పటికే తక్కువగా ఉన్న కండ, కాబట్టి ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. బెల్టు పొట్టను అదిమిపట్టి చెమట పట్టిస్తుంది తప్ప లోపలి కొవ్వును తాకదు. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా అక్కడి కొవ్వు మాత్రమే ప్రత్యేకంగా కరగదు. బెల్టుకు పెట్టే డబ్బు దాచుకోండి.

మీరు 3,550 మెట్లు ఎక్కుతున్నారంటే సంతోషమే. అయితే ఒకసారి శ్రమించినందువల్ల కండరాలకు వచ్చే, చక్కెరను పీల్చుకునే శక్తి రెండు మూడు రోజులకు మించి నిలవదు. నెలకోసారి మెట్లు ఎక్కడం ఆపవద్దు గానీ, వారంలో ఐదు రోజులు కనీసం అరగంట చొప్పున, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవండి. మరో రెండు రోజులు గుంజీలు, గోడకు చేతులాన్చి చేసే దండాలు, తేలికపాటి బరువులతో కండ పెంచుకోండి. బరువు తగ్గకపోయినా నడకతో లోపలి కొవ్వు తగ్గుతుంది కనుక కాటా చూసి నిరుత్సాహపడవద్దు. నడుస్తున్నప్పుడు ఛాతీ బరువెక్కినా, అసాధారణంగా ఆయాసం వచ్చినా ఆగి వెంటనే వైద్యుడిని కలవాలి.

భోజనంలో చిక్కు అన్నంతోనే. పొద్దున ఇడ్లీ దోసెలు, మధ్యాహ్నం, రాత్రి అన్నం, నడుమ చక్కెర వేసిన కాఫీ, బిస్కెట్లు కలిస్తే రోజంతా పిండిపదార్థమే. అన్నం మూడో వంతు తగ్గించి, ఆ చోట పప్పు, ఉడికించిన అనపగింజలు, ఉలవలు, గుడ్డు లేదా చేప, ఆకుకూరలు పెంచండి. రాగి సంగటి తింటే షుగర్ రాదని మన జిల్లాల్లో ఒక నమ్మకం ఉంది. రాగులు మంచివే, కానీ సంగటి కూడా పిండిపదార్థమే, అందులో బియ్యం కూడా పడుతుంది. పెద్ద ముద్దలు రెండు తింటే అన్నం తగ్గించిన ఫలితం దక్కదు. పండ్ల రసం, చెరుకు రసం మానేయండి. చెనిక్కాయలు గుప్పెడు చాలు.

మందుల విషయం మీరే నిర్ణయించుకోవద్దు. ఫిజీషియన్‌ను కలిసి బీపీ, లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి. సన్నగా ఉన్నవారిలో ఫ్యాటీ లివర్‌కు వేరే కారణాలు లేవని తేల్చుకోవడం అవసరం. పొట్ట కొద్ది వారాల్లోనే ఉబ్బినా, కాళ్లు వాచినా, కళ్లు పచ్చబడినా, ప్రయత్నించకుండానే బరువు పడిపోతున్నా అది కొవ్వు కథ కాదు, ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేకపోతే మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్స్ మళ్లీ చూపించుకోండి. ఆ రిపోర్టు పక్కన ఈ రోజు నడుము కొలత, ఆ రోజు కొలత రెండూ రాసి పట్టుకెళ్లండి. వీలైతే మీ తోబుట్టువుల నడుము కూడా అదే టేపుతో కొలిచి, హద్దు దాటితే వారికీ షుగర్ పరీక్ష చేయించండి.