కొన్న పోటీదారునే కాపాడుకోవలసి వచ్చింది

ప్రశ్న: కోకాకోలా కంపెనీ 1993లో థమ్సప్‌ను కొన్నదని చదివాను. తన సొంత కోలా ఉండగా, కొన్న కోలాను ఎందుకు ఆపివేయలేదు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆపివేస్తే లాభపడేది పెప్సీయే కాబట్టి. అయితే ఈ సంగతి ఆ కంపెనీకి బోధపడడానికి కొన్నేళ్లు పట్టింది.

థమ్సప్ పుట్టిందే కోకాకోలా వదిలి వెళ్లిన జాగాలో. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి రావడంతో, తన రహస్య ఫార్ములాపై పట్టు సడలనివ్వడం ఇష్టంలేని కోకాకోలా, జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్న 1977లో దేశం విడిచిపోయింది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ రూపొందించిన ఫార్ములాతో ప్రభుత్వమే తెచ్చిన ‘డబుల్ సెవెన్’ నిలదొక్కుకోలేకపోయింది. పార్లే సంస్థ చౌహాన్ సోదరుల థమ్సప్ మాత్రం నిలిచింది. దానిలో తీపి తక్కువ, ఘాటు ఎక్కువ. కిళ్లీ కొట్టు ఐసు పెట్టెలోంచి తీసిన సీసాకు మూత ఊడబెరికి మొదటి గుక్క వేయగానే గ్యాసు ముక్కుపుటాలకెక్కి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ మంటకు అలవాటుపడిన నాలుకకు మరో కోలా చప్పగానే తోస్తుంది.

1990లో పెప్సీ ‘లెహర్ పెప్సీ’ అన్న పేరుతో ప్రవేశించినప్పుడు పార్లే 300 మిల్లీలీటర్ల ‘మహా కోలా’ సీసాతో ఎదురు నిలిచింది. అయినా 1993లో కోకాకోలా ఆగ్రాలో మళ్లీ అడుగుపెట్టగానే, థమ్సప్‌తోపాటు లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా వంటివన్నీ దానికే అమ్మివేసింది. నా ఉద్దేశంలో కోకాకోలాకు అప్పుడు కావలసింది రుచి కాదు. ఊరూరా సీసాలు నింపే ప్లాంట్లు, కొట్టుకొట్టుకూ క్రేట్లు దింపే లారీలు. అందుకే మొదట్లో థమ్సప్‌ను పట్టించుకోక, తన ఎర్ర సీసానే ముందుకు నెట్టింది. థమ్సప్ తాగేవారు అటు మళ్లకపోగా, అది బలహీనపడితే పెప్సీకి దారి సుగమమయ్యేలా ఉండడంతో, కంపెనీ మనసు మార్చుకొని ప్రకటనలకు మళ్లీ డబ్బు పెట్టింది.

తెలుగునాట ఆ పోరు ఒకే ఇంట్లోకి వచ్చింది: థమ్సప్ ప్రకటనల్లో చిరంజీవి, పెప్సీ ప్రకటనల్లో ఆయన తమ్ముడు పవన్ కళ్యాణ్ కనిపించారు. 2021లో థమ్సప్ అమ్మకాలు 100 కోట్ల డాలర్లకు చేరాయని కోకాకోలాయే ప్రకటించింది.