ముప్పై దాకా లెక్క

కర్నూలు,
కార్తీక పౌర్ణమి మరుసటి రోజు

నాయనా,

నీ కథ అందింది. మొదటిసారి ఒక్క గుక్కలో చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. 108లో తిరిగే పిల్లోడు కథలు రాస్తున్నాడంటే నాకు ముచ్చటే. ఆ ముచ్చటకొద్దీ బాగుందని రాసి పంపిస్తే మాత్రం నీకు ఒరిగేదేమీ లేదు. అందుకే కొంచెం కటువుగా రాస్తాను, ఏమనుకోకు.

హైవే పక్క ధాబా దగ్గర లారీ డ్రైవరు గుండె ఆగి పడిపోతాడు. నీ కథలో కుర్రాడు అతని ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ, మనసులో 'రాఘవేంద్రా, రాఘవేంద్రా' అనుకుంటూ ఉంటాడు. పది లైన్లు తిరిగేసరికి డ్రైవరు కళ్ళు తెరుస్తాడు. నా పెన్సిలు ఇక్కడే ఆగింది. మొన్న ఫోన్లో అడిగాను గుర్తుందా, నొక్కేటప్పుడు నిజంగానే సామి గుర్తుకొస్తాడా అని? నువ్వు నవ్వావు. "అప్పుడు యాడ సార్! ముప్పై దాకా లెక్కపెట్టల్ల, రెండుసార్లు గాలి ఇయ్యల్ల, మళ్ళీ ముప్పై. మధ్యలో ఇంగొకటి తలుచుకుంటే లెక్క తప్పుతాది" అన్నావు.

ఆ మాట నీ కథలో ఎందుకు లేదు?

నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని, ప్రతిసారీ రెండంగుళాలు దిగాలని, ఒక్కోసారి అరచేతి కింద పక్కటెముక విరిగినట్టు తెలుస్తుందని, తెలిసినా ఆపకూడదని చెప్పింది నువ్వే. కథలో చెయ్యి లేదు, ఎముక లేదు, లెక్క లేదు. రాఘవేంద్రస్వామి ఒక్కడే ఉన్నాడు. మంత్రాలయం పక్క పుట్టినవాడివి, ఆయన మీద నీకున్న భక్తిని నేను తప్పుపట్టను. కానీ నీ చేతులు చేసిన పనిని ఆయన నెత్తిన పెట్టి, నువ్వు పక్కకు తప్పుకున్నావు. అది భక్తి కాదు, రాసే కష్టం తప్పించుకోవడం. ఈ మాట నాక్కూడా వర్తిస్తుందిలే.

మరి సామి ఎప్పుడు గుర్తుకొస్తాడని అడిగితే కాసేపు మాట్లాడలేదు నువ్వు. తర్వాత చెప్పావు. పేషెంటును క్యాజువాలిటీలో అప్పజెప్పి, ఫారం మీద సంతకం చేయించుకుని, బండి వెనక తలుపులు తీసి బ్లీచింగు నీళ్ళతో కింద కడిగేటప్పుడట. స్ట్రెచర్ చక్రాల సందులో ఎండిన రక్తం ఒక పట్టాన పోదట, పాత బ్రష్షుతో రుద్దాలట. బండి నడిపే పైలట్ అన్న వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకుంటుంటే, నువ్వు తడి చేతులతో మెట్టు మీద కూర్చుంటావు. ఏమీ కోరుకోవు, ఊరికే కూర్చుంటావు. మళ్ళీ కాల్ వస్తే ఆయన బిస్మిల్లా అని తాళం తిప్పుతాడు, నువ్వు అద్దం కింద ఉన్న రాఘవేంద్రస్వామి పటాన్ని ఒక వేలితో తాకుతావు, బండి కదులుతుంది. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పేసిన ఈ సంగతి, నువ్వు రాసిన పన్నెండు పేజీల కన్నా నాకు ఎక్కువగా పట్టుకుంది. నీ కథ ఆ మెట్టు దగ్గర మొదలుపెట్టి చూడు.

ఇంకొకటి. పటం తాకి బయల్దేరిన ప్రతిసారీ మనిషి బతకలేదు కదా. పురుగుమందు తాగిన ఆ రైతు సంగతి చెప్పావు. బండంతా మందు వాసన, ఆయన నోట్లో నురగ, నువ్వు నురగ లాగే సక్షన్ గొట్టం పెడుతూనే ఉన్నావు. దారి మధ్యలో పోయాడు. ఆ పొద్దు కూడా పటం తాకే ఎక్కావు. మరుసటి రోజు తాకావా, లేదా? తాకేముందు వేలు ఆగిందా? నాకైతే అదే కావాలి. బతికినవాళ్ళను రాసి పోయినవాళ్ళను వదిలేస్తే చదివేవాడు నీ సామిని కూడా నమ్మడు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా కథ ఒకటుంది.

1979లో మా నాయనను శనగ చేలో రక్తపింజరి కరిచింది. అప్పటికి 108 ఎక్కడిది? అది ఉమ్మడి రాష్ట్రంలో మొదలైందే 2005 ఆగస్టు 15న. మోకాలి కింద పగ్గంతో బిగించి కట్టారు. పక్క ఊరి నుంచి పాముమంత్రం ఆయన్ను పిలిపించారు. వేపమండలు, విభూతి, రాత్రంతా మంత్రం. కాలు నల్లబడి ఉబ్బిపోయింది. తెల్లవారి ఎద్దులబండిలో టౌనుకు బయల్దేరితే సగం దారి కూడా దాటలేదు. నాలుగేళ్ళ తర్వాత దాన్ని కథగా రాశాను. అందులో మంత్రగాడు దుడ్లు గుంజుకుని తెల్లవారకముందే జారుకుంటాడు. అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. మా అమ్మకు చదువు రాదు, చెల్లెలితో చదివించుకుంది. అంతా విని, "ఆయప్ప దుడ్లు తీసుకోలేదు గదరా. తెల్లవార్లూ మీ నాయన కాలు ఒళ్ళో పెట్టుకోని కూసున్నాడు. తాను గూడా ఏడ్చినాడు" అంది. అంతే, లేచి వంటింట్లోకి పోయింది.

పగ్గం కట్టడం తప్పని నేను ఇప్పటికీ అంటాను. కాలు కదలకుండా బద్ద కట్టి, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న చోటికి పరుగెత్తాల్సిందే. ఆ రాత్రి అక్కడ పోయిన సమయం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా ఆయన ఏడ్చాడు. నేను ఏడుపును తీసేసి దుడ్లు పెట్టాను. నువ్వు మహిమ పెట్టావు, నేను మోసం పెట్టాను. ఇద్దరం చూసిందాన్ని చూసినట్టు రాయలేదు.

నీ కథలో నాకు నచ్చిన చోటు దేవరగట్టు. దసరా రాత్రి బన్ని జాతర, కొండ కింద దివిటీల వెలుగులో కర్రల చప్పుడు, మాళమల్లేశ్వరుల ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కమ్ముకోవడం. ఏటా తలలు పగులుతాయని ముందే తెలిసి మీ బండ్లను అక్కడ నిలబెడతారు కదా. నెత్తి పగిలిన పెద్దాయన గాయంలో పసుపు అదుముకుంటూ, నువ్వు గాజుగుడ్డ పట్టుకుని వెంటపడితే, "ముందు సామి గుడి చేరల్ల, ఆ తర్వాత నీ బండి" అంటాడు. నువ్వు ఆయనను వెక్కిరించలేదు, నెత్తికెత్తుకోనూ లేదు. చేతిలో గాజుగుడ్డ అట్లాగే పట్టుకుని నిలబడ్డావు. ఆ పేజీలో అక్షరం ముట్టుకోకు.

భాష సంగతి. నీ కథలో పేషెంట్లందరూ మన యాసలో మాట్లాడతారు, నీ కుర్రాడు మాత్రం పేపరు తెలుగులో ఆలోచిస్తాడు. ఫోన్లో నువ్వు నాతో అట్లా మాట్లాడవే! వాడి మనసులో కూడా 'యాడ', 'పెట్టల్ల' ఉండనీ.

పేర్లు మార్చానన్నావు, సరిపోదు. చిన్న పల్లెలో ఆ నెలలో మందు తాగింది ఒక్కడే అయితే పేరెందుకు, అందరికీ తెలిసిపోతుంది. ఊరు మార్చు, పంట మార్చు, ఇంటి మనుషులను మార్చు. ఆ రైతు భార్య ఏదో ఒకరోజు ఇది చదువుతుందనుకుని రాయి. వాసన, నురగ, పటం మీద నీ వేలు, వీటిని మార్చాల్సిన పనిలేదు.

తిరగరాశాక పంపు, తొందరేమీ లేదు. వరుసగా రాత్రి డ్యూటీలు పడితే నిద్ర మానుకుని మాత్రం రాయకు.

అన్నట్టు, అడగడం మరిచిపోయాను. దేవరగట్టు పెద్దాయన గుడి చేరాక మీ బండి దగ్గరికి వచ్చాడా? కథలో రాయలేదు నువ్వు.

మీ మాస్టారు