మాత్రలు లేకుండా పిల్లల మధ్య ఎడం పాటించాలంటే తేదీల లెక్క ఒక్కటే చాలదు

పాపకు ఏడాది నిండబోతోంది, పాలు ఇంకా ఇస్తున్నాను, మొన్ననే నెలసరి మళ్లీ మొదలైంది, మాత్రలు పడలేదు, కాపర్ టీ అంటే భయం, ఫోన్‌లో యాప్ పెట్టుకుని సేఫ్ రోజులు చూసుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. పాలిచ్చే రోజుల్లో యాప్ చూపించే తేదీని నమ్ముకుంటే మళ్లీ నెల తప్పే అవకాశం బాగా ఎక్కువ. కానీ ఒంటి గుర్తులు చూడటం నేర్చుకుని, మీవారు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పెద్దవాడికీ చిన్నదానికీ మధ్య ఎడం మేమిద్దరం ఇలాగే ఉంచుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు మాత్రం అండం విడుదలకు ముందు రోజుల్లో ఆడవాళ్ల ఒంట్లో 5 రోజుల వరకు ఉండగలవు. అంటే గర్భం నిలిచే రోజులు సైకిల్ (ఒక నెలసరి మొదటి రోజు నుంచి మళ్లీ నెలసరి వచ్చేదాకా) మొత్తంలో ఆరే: అండం విడుదలైన రోజు, దాని ముందు 5 రోజులు. చిక్కల్లా ఆ ఆరు రోజులు ఎప్పుడొస్తాయన్నదే. అండం విడుదలయ్యాక డేట్ (నెలసరి) రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒకే మనిషిలో అది నెలనెలా పెద్దగా మారదు. సాగేది ముందు సగం. జ్వరం, నిద్ర లేకపోవడం, ఇంట్లో పెళ్లి పనులు, ఏదో టెన్షన్, ఇవన్నీ అండం విడుదలను వెనక్కి నెట్టగలవు. డేట్ లేటయింది అంటాం గానీ, చాలాసార్లు లేటయ్యేది అండమే. యాప్‌కి తెలిసింది పోయిన నెలల తేదీలు. ఈ నెల మీ పాప రాత్రంతా ఏడ్చి మిమ్మల్ని పడుకోనివ్వలేదని దానికి తెలియదు కదా.

తేదీల లెక్క కొత్తదేమీ కాదు. 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నావుస్ అనే డాక్టర్లు ఎవరికి వారు చేసిన పరిశోధనల మీద పుట్టింది. కనీసం ఆరు సైకిల్స్ రాసుకుని, అన్నిటికన్నా చిన్నదాంట్లోంచి 18, పెద్దదాంట్లోంచి 11 తీసేయాలి. చిన్నది 26 రోజులు, పెద్దది 31 అయితే 8వ రోజు నుంచి 20వ రోజు దాకా జాగ్రత్త పడాలన్నమాట. 1950ల మొదట్లో మన దేశంలోనే, అప్పటి మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఈ లెక్క కోసం ఆడవాళ్లకు రంగు పూసల దండలు కూడా ఇచ్చి చూశారు. తర్వాత అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు తేలిక పద్ధతి ఒకటి తెచ్చారు. సైకిల్ ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్యే ఉండేవాళ్లు 8 నుంచి 19వ రోజు వరకు దూరంగా ఉంటే చాలంటారు. తప్పు లేకుండా పాటించినా ఏడాదిలో 100 మందిలో 5 మందికి గర్భం వస్తుంది, మామూలుగా పాటించేవాళ్లలో అయితే 12 మందికి. మీకైతే ఇది ఇప్పుడు పనికిరాదు. కాన్పయ్యాక కనీసం మూడు సైకిల్స్ వచ్చి, అవి మళ్లీ కుదురుకున్నాకే ఈ లెక్క మొదలుపెట్టాలి.

నన్ను దారిలో పెట్టింది శ్రీకాకుళంలో నర్సుగా చేసే మా వదిన. "తేదీలు తర్వాత చూద్దువుగాని, ముందు నీ తెల్లబట్ట ఎలా ఉందో రోజూ చూసుకో" అంది. మొదట సిగ్గనిపించింది. తెల్లబట్ట అంటే జబ్బనే మనకు తెలుసు. నిజానికి గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరే జిగురు సైకిల్ పొడవునా మారుతూనే ఉంటుంది. డేట్ అయిపోయాక చాలామందికి కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత చిక్కగా, అంటుకునేలా కనిపిస్తుంది. అండం సిద్ధమవుతున్నకొద్దీ పల్చబడి, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది, జారుడుగా తెలుస్తుంది. వీర్యకణాలు బతికేది ఆ జిగురు వల్లే. అందుకే పొడి పోయి ఏ కాస్త తడి మొదలైనా ఆ రోజు నుంచే ఆగాలి, తెల్లసొనలా అయ్యేదాకా చూడకూడదు. జారుడుగా ఉన్న చివరి రోజు ఏదో మర్నాడు గానీ తెలియదు. ఆ చివరి రోజు కాక, తర్వాత మూడు పూర్తి రోజులు వదలాలి. బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ టిష్యూతోనో శుభ్రమైన గుడ్డతోనో చూసి, రోజు మొత్తంలో కనిపించినవాటిలో ఎక్కువ తడిగా ఉన్నదే రాత్రికి రాసుకోవాలి. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు తునకలు ఉంటే అది ఇన్‌ఫెక్షన్, డాక్టరుకు చూపించుకోండి. అలాంటప్పుడు ఈ గుర్తు చెల్లదు.

రెండోది ఒంటి వేడి. తెల్లవారి కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకముందే, ఒకే వేళకు నోట్లో థర్మామీటర్ పెట్టి చూడాలి. జ్వరం చూసే మామూలు థర్మామీటర్ సరిపోదు, పాయింట్ తర్వాత రెండంకెలు చూపించే డిజిటల్‌ది కావాలి. అండం విడుదలయ్యాక వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి, మళ్లీ డేట్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. ముందటి ఆరు రోజులకన్నా ఎక్కువగా వరుసగా మూడు రోజులు నిలబడితే అండం విడుదలైపోయినట్టే. ఇది ముందుగా హెచ్చరించదు, అయిపోయాక ఖాయం చేస్తుంది. మా వైపు కొండ ఊళ్లలో మలేరియా ఎక్కువ. జ్వరం ఉన్న రోజుల అంకెలు లెక్కలోకి తీసుకోకూడదు. చంటిబిడ్డతో నిద్ర చెడిన రోజులూ అంతే, పక్కన చిన్న గుర్తు పెట్టుకోవాలి.

ఈ రెండు గుర్తులనూ కలిపి చూడాలి. జిగురు లెక్క ఒక రోజు, వేడి లెక్క ఇంకో రోజు చెబితే, ఆలస్యంగా చెప్పినదే తీసుకోవాలి. శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకుని, రెండూ కలిపి ఒక్క రోజు కూడా సడలించకుండా పాటించినవాళ్లలో ఏడాదికి 100 మందిలో ఒకరికన్నా తక్కువమందికే గర్భం వచ్చింది. కానీ "ఈ ఒక్కసారికీ" అనుకునే ఇళ్లలో ఆ అంకె చాలా పెరుగుతుంది.

ఇక మగవాళ్ల సంగతి. నా లెక్కలో సగం పద్ధతి ఇక్కడే ఉంది. వద్దు అని ప్రతిసారీ ఆడమనిషే చెప్పాల్సి వస్తే అది నడవదు. విసుగు వస్తుంది, గొడవవుతుంది, చివరకు ఆమే తగ్గుతుంది. మా ఆయనను కూర్చోబెట్టి వదినే చార్టు చూపించి చెప్పింది. అప్పటినుంచి పొద్దున్నే థర్మామీటర్ అంకె ఫోన్‌లో ఎక్కించే పని ఆయనదే. "ఇంకా మూడో రోజు కాలేదు" అని ఆయనే అనేవారు. తాగి వచ్చే భర్త, వినని భర్త, బలవంతం చేసే భర్త ఉన్న ఇంట్లో దయచేసి ఈ పద్ధతి మీద ఆధారపడకండి. మీ చేతిలో ఉండేది వేరేది చూసుకోండి.

అత్తగారికి తెలిస్తే ఎలా అని కూడా రాశారు. మా అత్తయ్య నెలసరప్పుడు మూడు రోజులు దూరం పాటించే మనిషి. డేట్ మాట నలుగురిలో ఎత్తనిచ్చేవారు కాదు. అయితే మా పక్కింటి ఒడియావాళ్లు జూన్‌లో రజ పండుగ చేస్తారు. భూమాతకు నెలసరి అని మూడు రోజులు నాగలి పట్టరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఊయలలూగుతారు. ఆ పండుగ పిండివంట పిఠా తింటూ కూర్చున్న రోజే అత్తయ్యతో ఈ విషయం కదిపాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు, "మాకెవరూ ఇవన్నీ చెప్పలేదమ్మా" అన్నారు.

ఇప్పుడు మీ విషయం. పాలిచ్చేవాళ్లకు గర్భం రాదన్న మాట మూడూ కుదిరితేనే నిజం: బిడ్డ వయసు ఆరు నెలల లోపు ఉండాలి, తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు. మీకు ఆ రక్షణ దాటిపోయింది. పాలిచ్చేటప్పుడు జిగురు రోజుకోలా ఉండి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. కాబట్టి ఇవాళే రాయడం మొదలుపెట్టండి, కానీ కనీసం మూడు సైకిల్స్ చార్టు చేతికి వచ్చేదాకా ప్రతిసారీ నిరోధ్ (కండోమ్) వాడండి. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, మా దగ్గరైతే ఊళ్లో ఆరోగ్య కార్యకర్తగా ఉండే ఆశా దీదీనే ఇంటికి తెచ్చి ఇస్తుంది, తెలుగులోనే మాట్లాడుతుంది. మీకు పడని మాత్రలు హార్మోన్లవి అయితే, హార్మోన్ లేని ఛాయా మాత్ర గురించి కూడా డాక్టరును అడగండి. పీసీఓడీ, థైరాయిడ్ ఉండి డేట్లు అస్తవ్యస్తంగా ఉన్నా, మళ్లీ గర్భం వస్తే మీ ప్రాణానికే ప్రమాదమని డాక్టరు చెప్పి ఉన్నా, ఈ పద్ధతి వద్దు. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు, అది నిరోధ్ వల్లే అవుతుంది.

ఎప్పుడైనా జాగ్రత్త తప్పితే 72 గంటల్లోపు గర్భం రాకుండా ఆపే అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. చార్టులో వేడి పెరిగి 18 రోజులు దాటినా డేట్ రాకపోతే ఇంక ఎదురుచూడకండి, ఆశా దీదీ దగ్గర గర్భం ఉందో లేదో చూసే నిశ్చయ్ కిట్ తీసుకుని ఆ మర్నాడు పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకోండి.