చిట్టీ, ఆ డబ్బా మూత తొందరపడి తియ్యకు

చిట్టీకి, పిన్ని ఆశీస్సులు.

మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి, "ఇదేవో పూలచెట్టు కాయలు కోసుకొచ్చి కవర్లలో దాచిందట, విత్తనాలు వేసి చెట్లు చేస్తుందట, నువ్వే ఎక్కించావా దానికి?" అని నన్ను నిలదీసింది. నేనేం ఎక్కించలేదని ప్రమాణం చేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఎంత సంతోషమేసిందో. నర్సరీకి వెళ్తే నువ్వు కాయలు కోసిన ఆ రోడోడెండ్రాన్ పూలచెట్టే నిండా పూసి కుండీతో సహా దొరుకుతుంది. అది వదిలేసి గింజ దగ్గర నుంచి మొదలు పెట్టాలనిపించిందంటే అది మీ తాతయ్య పోలికే. ఆయన కందుకూరు దగ్గర పొగాకు నారు పోసేవారు. పొగాకు గింజా, నువ్వు దాచిన ఈ గింజా పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేవు, రెండూ ముక్కుపొడుంలా ఉంటాయి.

ఆ తరవాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది, దాంతో నిద్ర పట్టలేదు. ఆ విత్తనాలు చల్లే డబ్బాలు బుజ్జిగాడి గదిలో కిటికీ దగ్గర పెడతావట. పెట్టకు. ఈ చెట్టులో ఆకు, పువ్వు, పూతేనె అన్నీ విషమే. మేకలు నమిలి చచ్చిపోతాయి. మనుషుల కడుపులోకి వెళ్తే వాంతులు, బీపీ పడిపోవడం, గుండె నెమ్మదించడం. వాడికి ఇప్పుడు చేతికందింది నోట్లోకే కదా. మొలకలు బేస్‌మెంట్‌లో, తలుపు గడియ పడే చోట ఉండాలి. విషం మింగితే ఫోన్ చెయ్యాల్సిన పాయిజన్ కంట్రోల్ నంబరు ఫ్రిజ్ తలుపుకి అంటించు. ఉత్తరాఖండ్‌లో బురాంశ్ అనే రోడోడెండ్రాన్ పూలతో షర్బత్ చేస్తారని వాట్సాప్‌లో నువ్వే పంపావు గుర్తుందా? అది అక్కడి ఒక్క జాతి, వాళ్లకు తరాలుగా తెలిసిన పువ్వు. మన పెరట్లో పూసిన హైబ్రిడ్ రేకులతో అలాంటి ప్రయోగాలు చేశావంటే నేనే వచ్చి చెట్టు పీకేస్తాను. పైగా కిటికీలో ఎండ తగిలితే మూతపెట్టిన డబ్బా లోపల మొలకలు ఉడికిపోతాయి. పిల్లాడికీ మొక్కకీ రెండింటికీ ఆ కిటికీ వద్దు.

ఇంకోటి. సియాటిల్ దగ్గర రెంటన్‌లో మీ అద్దె ఇంటి ముందున్న ఎర్ర చెట్టునే కొత్తింటికి తీసుకెళ్తున్నానని మీ అమ్మతో అన్నావట. ఆ ఆశ పెట్టుకోకు. ఇళ్ల ముందు కనిపించేవి దాదాపు అన్నీ హైబ్రిడ్లు. తేనెటీగ ఏ ఇంటి పుప్పొడి తెచ్చిందో తెలియదు. ఆ గింజల్లోంచి గులాబీ రావచ్చు, వెలిసిన ఊదా రావచ్చు, ఎరుపు రాకనూపోవచ్చు. అచ్చం అదే చెట్టు కావాలంటే నేల అంటు కట్టు. కింది కొమ్మను వంచి, బెరడు కొంచెం గీరి, మట్టిలో కప్పి పైన రాయి పెట్టాలి. ఏడాదో రెండేళ్లో పడుతుంది వేరు పొయ్యడానికి. ఇంటాయనను అడిగి కట్టుకో, నీ ఫొటోలో నేలకానుకున్న కొమ్మ ఒకటి కనిపించింది.

అలాగని విత్తనాలు పారెయ్యమనడం లేదు. 1848 నుంచి 1850 దాకా జోసెఫ్ హుకర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త సిక్కిం కొండలన్నీ తిరిగి ఈ జాతుల గింజలు లండన్ దగ్గర క్యూ తోటకి పంపాడు. విదేశాల తోటల్లో మన హిమాలయాల రోడోడెండ్రాన్లు పూస్తున్నాయంటే అందులో ఆ గింజల పాలు పెద్దదే. ఈ కథ మీ బాబాయి మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు, ఇక్కడి ఫెడరల్ వే అనే ఊళ్లో రోడోడెండ్రాన్ జాతుల తోటకి తీసుకెళ్లి మరీ చెబుతారు. నాకైతే మా పెళ్లయిన కొత్తలో ఊటీలో దొడ్డబెట్ట దారిలో చూసిన ఎర్ర పూలే గుర్తొస్తాయి. అప్పుడు దాని పేరే తెలియదు, అమెరికాకొచ్చాక అదే మనముండే వాషింగ్టన్ రాష్ట్ర పుష్పమంటే నవ్వొచ్చింది. జాతి వేరులే.

ఇక పని. కాయలు గోధుమరంగుకి తిరిగినవేగా కోశావు? ఇంకా పచ్చగా ఉంటే కవరులో నాలుగు రోజులు ఆరనీ, కొన పగులుతుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, బూజు పడుతుంది. టీ వడగట్టే జల్లెడతో పొట్టు తీసెయ్యి. ఆ పొట్టులోంచే బూజు మొదలవుతుంది. కవరు మీద పేరూ తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టి, జనవరిలో చల్లు. స్ట్రాబెర్రీలొచ్చే పారదర్శకం డబ్బా చాలు. అడుగున పీట్ (కుళ్లిన నాచు మట్టి), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళ్లు), పైన సన్నగా జల్లించిన స్ఫాగ్నమ్ నాచు, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి. గింజల మీద మట్టి కప్పకు, దీనికి వెలుతురు తగిలితేనే మొలక. తాతయ్య గింజలో ఇసుక కలిపి చల్లేవారు ఒత్తుగా పడకుండా. నువ్వు మడిచిన కాగితం మీద పోసి వేలితో తట్టు చాలు. ఒక కాయలోనే వందల గింజలుంటాయి, ఉన్నవన్నీ వంపేశావంటే తరవాత ఏ మొలకనీ విడదియ్యలేవు. లైటు రోజుకి పదహారు గంటలు, వేడి 70 ఫారెన్‌హీట్ దగ్గర. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. లైటు వైరు మీద నీళ్లు పడకుండా పైకి కట్టించు, అల్లుడికి చెప్పు.

అసలు చెప్పాల్సింది మూత సంగతి. మీ బాబాయి మొదటిసారి వేసినప్పుడు ఏం జరిగిందో నేనే రాస్తున్నాను, ఆయన్ని అడిగితే హీటర్ మీదికి నెట్టేస్తారు.

రోడోడెండ్రాన్ సొసైటీ వాళ్ల విత్తనాల ఎక్స్ఛేంజ్‌లో తెప్పించుకున్న గింజలవి. జనవరిలో చల్లారు. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో బేస్‌మెంట్‌లోకి దిగేవారు, పైకొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది. ఉగాదికి ఒక్కో మొలకకీ మొదటి గింజాకుల తరవాత రెండేసి అసలు ఆకులొచ్చాయి, భూతద్దం పెడితే కనిపించేంత. పండక్కి ఇంటి నిండా జనం. ఈయన ఉత్సాహం పట్టలేక డబ్బా పైకి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి మూత తీశారు. ఎవరో వంగి చూసి, "ఇదా అండీ? పాచి అనుకున్నాను" అన్నారు. ఇంకేముంది, పౌరుషం వచ్చి హుకర్ దగ్గర నుంచి మొదలుపెట్టారు. ఆ టేబుల్ కిందే హీటర్ గాలి వచ్చే జాలీ. మూత వంటింటి గట్టు మీద ఉంటే మీ అమ్మ, ఆ ఏడు ఇక్కడే ఉంది కదా, పళ్లెం అనుకుని దాంట్లో బొబ్బట్లు సర్దింది. సాయంత్రం దాకా ఆ మూత ఎవరికీ గుర్తు రాలేదు.

రాత్రికి మొలకలన్నీ పడుకున్నాయి. పుట్టినప్పటి నుంచి తడిగాలిలో పెరిగిన ఆకులకి పొడిగాలి తట్టుకునే చర్మం రాదు, వేరేమో నాచు పైపొరలోనే ఉంటుంది. అప్పుడైనా కాస్త తుంపర కొట్టి మూత పెట్టేసి ఉంటే కొన్నయినా లేచేవి. ఈయన కంగారులో గ్లాసుడు నీళ్లు వంపి గట్టిగా బిగించేశారు. నాలుగు రోజులకి తెల్లగా సాలెగూడులా బూజు, కాండం మొదలు నల్లబడి నారుకుళ్లు. తాతయ్యకి తెలిసిన తెగులే ఇది. నారు పీకే ముందు ఆయన తడులు మెల్లమెల్లగా తగ్గించి గట్టిపరిచేవారు, ఒక్కరోజులో ఆపేసేవారు కాదు.

నేను ఊరుకున్నానా? "హుకర్ గారి మనవడివా నువ్వు" అని అందరి ముందూ అనేశాను. రెండు రోజులు మాట్లాడలేదు ఆయన. మూడోనాడు చూస్తే ఆ డబ్బానే బ్లీచ్ నీళ్లలో కడుగుతున్నారు. పెళ్లయి వచ్చిన ఏడు మా గేటు పక్కన నువ్వు ఫొటో దిగావే, ఆ లేత గులాబీ చెట్టు ఆ తరవాతి జనవరిలో చల్లిందే.

అందుకని నువ్వు మూడు నాలుగు అసలు ఆకులొచ్చేదాకా మూత ముట్టుకోకు. వచ్చాక కాస్త గాలాడేలా మూత కింద ఒక మూల అగ్గిపుల్ల దూర్చు. రెండు మూడు రోజులాగి పెన్సిల్. అలా రెండు మూడు వారాల్లో పూర్తిగా తియ్యి. వాలిందా, వెంటనే మూసెయ్యి, తుంపర చాలు. ఆ దశలోనే ఎరువు, ఆ ఎరువు డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు. వేరే గిన్నెలోకి మార్చేటప్పుడు ఆకు పట్టుకో, కాండం నలిగితే అయిపోయినట్టే.

బయట నాటడం ఇంకా దూరంలో ఉంది. ఒక్కటి మాత్రం ఇప్పుడే అనుకో. కొత్తింటి కాంక్రీటు గోడ పక్కన వద్దు, సున్నం దిగుతుంది, దీనికేమో పుల్లటి మట్టి కావాలి. లోతుగా కూడా పెట్టకు, వేళ్లు వెంట్రుకల్లా నేల పైపైనే పాకుతాయి. సియాటిల్ వానల్ని నమ్ముకుని జూలై, ఆగస్టుల్లో నీళ్లు మానెయ్యకు, ఆ రెండు నెలలూ ఇక్కడ వాన చుక్క పడితే గొప్ప.

నువ్వు కోసిన చెట్టు ఆకు తిరగేసి అడుగు భాగం ఫొటో తీసి బాబాయికి పంపు. సన్నటి పొలుసుల్లాంటి చుక్కలుంటే చిన్నాకుల రకం, మూడు నాలుగేళ్లలో పూస్తుంది. చుక్కలు లేని పెద్దాకులదైతే అయిదారేళ్లు, ఒక్కోసారి పదేళ్లు కూడా. దీని చుట్టమే అయిన అజేలియా కాయలు కూడా కలిశాయంటున్నావు, అవి త్వరగానే పూస్తాయి, వాటిని వేరే కవరులో పెట్టు.

పిన్ని