ఐదు బండ్లు, బ్యాంకులో నలభై రెండు వేలు

ప్రశ్న: నా వయసు 38. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 68 వేలు వస్తుంది. మా ఆవిడ గృహిణి, పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. ఇంటి లోను ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చులు, ఫీజులు కలిపి 38 వేలు, ఈ ఏడాదే మొదలుపెట్టిన సిప్ 5 వేలు. చిన్నప్పటి నుంచీ నాకు బండ్లంటే ప్రాణం. నాన్నగారి 1989 బులెట్ ఉంది. నాలుగేళ్ల కిందట 65 వేలకు కొని, ఇంకో 70 వేలు పెట్టి బాగుచేయించిన 1993 యమహా ఆర్‌ఎక్స్100 ఉంది. ఇప్పుడు దాన్ని లక్షా అరవై వేలకు అడుగుతున్నారు. ఇంట్లో వాడుకకు స్విఫ్ట్, ఆవిడకు యాక్టివా. రెండేళ్ల కిందట 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు లక్షా నలభై వేలకు కొని ఆటోనగర్‌లో షెడ్డులో పెట్టాను. ఛాసిస్ పనికి, టింకరింగుకు ఇప్పటికి లక్షా తొంభై వేలయ్యాయి. ఇంజన్, గేర్‌బాక్స్, హుడ్, పెయింటు పూర్తి కావాలంటే ఇంకో మూడున్నర లక్షలు కావాలి. బ్యాంకులో 42 వేలున్నాయి. పర్సనల్ లోను నాలుగు లక్షలు, నాలుగేళ్లకు, 14 శాతం వడ్డీకి ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టాలా, కొంత క్రెడిట్ కార్డు మీద వాడుకోవాలా? బండ్లన్నీ కలిపి పన్నెండు లక్షల దాకా పలుకుతాయి. అవసరమైతే ఒకటి అమ్మేస్తాను కాబట్టి పెద్ద రిస్కు లేదనుకుంటున్నాను.

సమాధానం: అప్పు చేయొద్దు. మీరు చెప్పిన మూడు దారుల్లో ఏదీ వద్దు. అడిగినదానికి జవాబు ఇంతే. ఇంత పెద్దగా రాస్తున్నది మీ చివరి వాక్యం కోసం. "అవసరమైతే ఒకటి అమ్మేస్తాను" అన్నారు. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో చాలామందికి ఈ ధీమా ఉంటుంది. ఒకరికి ఊళ్లో నాలుగు సెంట్ల స్థలం, ఒకరికి బీరువాలో బంగారం, మీకు బండ్లు. అత్యవసర నిధి ఏదండీ అని అడిగితే వాటిని చూపిస్తారు. ఖాతాలో చూస్తే ఒక్క నెల గడవడానికి సరిపడా డబ్బు కూడా ఉండదు. మీ పరిస్థితి కూడా అదే.

బండ్ల మీద మీ ప్రేమను నేను తప్పుపట్టను. పాత బండిని చేతులారా నిలబెట్టుకోవడంలో ఉన్న తృప్తి షోరూములో కొంటే రాదు. కానీ సొంత బండికి ధర కట్టేటప్పుడు మనం పెట్టిన ఖర్చంతా కలుపుతాం, ఒరిజినల్ సైలెన్సర్ కోసం ఊళ్లు తిరిగిన కష్టం కూడా కలుపుతాం. తండ్రి చెయ్యి పడ్డ బండైతే ఇక దానికి లెక్కే ఉండదు. కొనేవాడికి ఇవేవీ పట్టవు. ఆర్‌ఎక్స్100 ధర పెరిగిన మాట నిజమే. 1985లో వచ్చిన ఆ 98 సీసీ టూ స్ట్రోక్ బండి తయారీ 1996లో ఆగిపోయింది, బాగున్నవి ఏటా తగ్గిపోతున్నాయి. అయితే అడిగే ధర వేరు, చేతిలో పడే ధర వేరు. కొనడానికి వచ్చినవాడు కిక్ కొట్టి పొగ రంగు చూస్తాడు. ఇంజన్ నంబరు మీద మురికి వేలితో తుడిచి సీ బుక్కు (ఆర్‌సీ)లోని అంకెలతో సరిచూసుకుంటాడు. ఇన్సూరెన్స్ లేదని తెలియగానే పది వేలు తగ్గించమంటాడు. తెలిసిన మెకానిక్‌ను తీసుకొస్తానని వెళ్లి వారం తరవాత ఫోన్ చేస్తాడు. రాత్రి పదకొండింటికి ఆసుపత్రి కౌంటర్లో యాభై వేలు కట్టమంటే ఆ వారం ఎక్కడి నుంచి తెస్తారు?

అసలు ఆ పన్నెండు లక్షల్లో అమ్మగలిగినదెంతో చూడండి. స్విఫ్ట్ ఇంటి అవసరానికి ఉంది. యాక్టివా లేకపోతే పిల్లల స్కూలు, కూరగాయలు అన్నీ ఆగిపోతాయి. బులెట్ మీరు అమ్మరు, అమ్మమని నేనూ అనను. సగం విప్పిన జీపును మీరు పెట్టినంత పెట్టి కొనేవాడు దొరకడు. మిగిలింది ఒక్క ఆర్‌ఎక్స్100. మీ ధీమా అంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు మీకు ఎంత ఉండాలో చూద్దాం. ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు కలిపితే 59 వేలు. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా ఇది ఆగదు. ఆరు నెలలకు 3 లక్షల 54 వేలు. జీపుకు ఇంకా కావాలంటున్న డబ్బు కూడా దాదాపు ఇంతే. ఆ మొత్తం ముందు బ్యాంకులో చేరాలి, ఆ తరవాతే జీపులోకి పోవాలి. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే కాబట్టి ఈ వరస మార్చడానికి నేను ఒప్పుకోను.

లోను సంగతి. నాలుగు లక్షలకు 14 శాతం చొప్పున నాలుగేళ్లంటే ఈఎంఐ 10,930 రూపాయల దాకా వస్తుంది. మొత్తం కట్టేది 5 లక్షల 24 వేలు దాటుతుంది. మీ ఖర్చులన్నీ పోను నెలకు మిగిలేది 4 వేలు. అంటే మొదటి నెల నుంచే 7 వేల లోటు. దాన్ని దేనితో పూడుస్తారో మీ ఉత్తరంలో లేదు. ఇలాంటి లోటు చివరికి కార్డు మీదికే పోతుంది. కార్డు బాకీ పూర్తిగా తీర్చకుండా వచ్చే నెలకు తోస్తే చాలా బ్యాంకులు వేసేది నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. వీధిలో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే మీరు ఆ గుమ్మం తొక్కరు. జీపు పెయింటు కోసం ఆ వడ్డీ కట్టాలనే ఆలోచనే మానుకోండి.

బంగారం ఆవిడది. నిజమైన ఆపద వచ్చి, ఉన్నదంతా అయిపోయాక ఇంటికి మిగిలే ఆసరా అది. హుడ్డుకూ గేర్‌బాక్సుకూ దాన్ని అడగనే కూడదు. చీటీ పాడుకుందామని ఎవరైనా సలహా ఇస్తారేమో, అదీ అప్పే.

మీరు జతచేసిన వివరాల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది జీపు కాదు, ఆర్‌ఎక్స్100. "ఆదివారం పొద్దున మాత్రమే తీస్తాను కాబట్టి రెండేళ్లుగా ఇన్సూరెన్స్ కట్టలేదు" అని రాశారు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని కట్టేది) ఉండాలని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెబుతోంది, వారానికొక్కసారి తీసినా సరే. పట్టుబడితే మొదటిసారి జరిమానా 2 వేలు. చాలామంది ఆ 2 వేలు చూసే ధైర్యం చేస్తారు. చూడాల్సిన లెక్క వేరే ఉంది. మీ బండి తగిలి ముప్పై ఏళ్ల మనిషి చనిపోయాడనుకోండి. సొంత పని చేసుకుంటూ నెలకు 25 వేలు తెచ్చేవాడు, వెనక భార్య, ఇద్దరు పిల్లలు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ అతని ఏడాది సంపాదన 3 లక్షలు తీసుకుంటుంది. ముందుముందు పెరిగేదని 40 శాతం కలుపుతుంది, 4 లక్షల 20 వేలు. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తుంది, 2 లక్షల 80 వేలు. దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు, ఆ వయసుకు అది 17. మొత్తం 47 లక్షల 60 వేలు, మిగతా చిన్న పద్దులు కాకుండా. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పులతో స్థిరపడిన పద్ధతి ఇది. బీమా ఉంటే కంపెనీ కడుతుంది. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ బీమాలో పైపరిమితే లేదు. బీమా లేకపోతే మీరు కట్టాలి. కట్టడానికి మీకున్నది లోను తీరని ఆ ఇల్లు.

అంత పెద్ద ప్రమాదాన్ని కాచే ఆ బీమా ఖరీదు, 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, మీ ఆర్‌ఎక్స్100కు ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. బులెట్‌కు 1,366. జీపు రోడ్డెక్కితే దానికి 7,897. ఐదు బండ్లకూ జీఎస్టీతో కలిపి 16,650 రూపాయల దాకా అవుతుంది, సగానికి పైగా జీపుదే. బండ్లు ఎక్కువున్నవాళ్లు కొనేటప్పటి ధర చూస్తారు కానీ, బండి కదలకపోయినా ఏటా అయ్యే ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. బ్యాటరీ, టైర్లు, ఆయిలు వీటికి పైన.

బులెట్ సంగతి ఇంకోటి. నాన్నగారు పోయి నాలుగేళ్లయినా సీ బుక్కు ఆయన పేరు మీదే ఉందన్నారు. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో ఆర్‌టీవోకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరుకు మార్చుకోవాలి. జ్ఞాపకంగా ఆ పేరు అలాగే ఉండనిద్దామని అనుకునేవాళ్లను నేను చూశాను, ఆ మనసు అర్థమవుతుంది. కానీ 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికే వర్తిస్తుంది. ఆ బండి మీద మీకేమైనా అయితే మీ పిల్లలకు ఆ డబ్బు రాదు. పేరు మారాక ఐదు బండ్లకూ ఐదుసార్లు ఈ బీమా తీసుకోనక్కర్లేదు. 2019 జనవరి నుంచి దీన్ని విడిగా అమ్ముతున్నారు, మీ పేరు మీదున్న బండ్లన్నిటికీ ఒక్కటి చాలు. యాక్టివా ఆవిడ పేరు మీదుంటే ఆవిడకు వేరేగా తీసుకోండి.

మూడేళ్ల కిందట తెలిసినవాళ్లకు అమ్మిన స్ప్లెండర్ ఆర్‌సీ కూడా ఇంకా మీ పేరునే ఉందని రాశారు. ఆ బండితో ఎవరు ప్రమాదం చేసినా, రికార్డుల్లో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో చెప్పేసింది. ఈ వారంలోనే వాళ్లను వెతికి పట్టుకోండి.

ఇక జీపు. పాత ప్యూజో ఇంజన్ తీసేసి డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఇంజన్ ఎక్కిద్దామని మెకానిక్ అంటున్నాడన్నారు. ఆర్‌సీలో ఉన్నది పాత ఇంజన్ నంబరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు ఆర్‌టీవో ఆమోదం తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో గట్టిగానే చెప్పింది. కాగితం కుదరకుండా ఇంజన్ ఎక్కిస్తే రేపు క్లెయిమ్ దగ్గర మొదట అడిగే ప్రశ్న అదే. పైగా మీ జీపు ఆర్‌సీ గడువు 2021లోనే అయిపోయింది. ఇరవై ఏళ్లు దాటిన జీపులు, కార్లకు రెన్యూవల్ రుసుమును 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ యాభై ఏళ్లు దాటిన బండ్లకే, మీ జీపుకు ఆ దారి 2041 దాకా లేదు. కాబట్టి జీపు మీద ఖర్చు పెట్టే తర్వాతి రూపాయి ఆర్‌టీవో ఆఫీసుకు వెళ్లాలి, షెడ్డుకు కాదు. కాగితాలు తేలకపోతే అక్కడితో ఆపేసి, వచ్చిన ధరకు ఇచ్చేయండి. ఇప్పటికే మూడు లక్షల ముప్పై వేలు పెట్టాను కదా అనే బాధ ఇంకో మూడున్నర లక్షలు పెట్టడానికి కారణం కాకూడదు.

మీ చోట నేనుంటే చేసేది ఇది. ముందు ఆర్‌ఎక్స్100కు ఇన్సూరెన్స్ కట్టి, గిరాకీ ఉన్న ఈ సమయంలోనే అమ్మేస్తాను. అడుగుతున్నది లక్షా అరవై అయినా లక్షా ముప్పై వస్తుందని లెక్కేసుకుంటాను. వాడుకున్న సొంత బండి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లేదు. బ్యాంకులో ఉన్న 42 వేలతో కలిపితే లక్షా డెబ్బై రెండు వేలు. నిధి పూర్తయ్యేదాకా సిప్ ఆపుతాను. ఈ మాటకు తోటి సలహాదారులు కొందరు నొచ్చుకోవచ్చు, కానీ నెల ఖర్చు కూడా చేతిలో లేనివాడు మార్కెట్లో పెట్టే 5 వేలు మొదటి ఇబ్బందికే నష్టానికి బయటికొస్తాయి. ఆ 5 వేలు, మిగిలే 4 వేలు కలిపి నెలకు 9 వేలు వేస్తే ఇరవై ఒక్క నెలల్లోపు 3 లక్షల 54 వేలు చేరతాయి. బోనస్ వస్తే ఇంకా ముందే. ఈ డబ్బు బండ్ల ఖర్చులకు వాడే ఖాతాలో ఉండకూడదు, వేరే బ్యాంకులో పెట్టండి. నిధి చేరాక సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగిలినదాంతో జీపు పని ఒక్కో భాగం నగదుతో చేయించుకోండి.

మీకు టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) లేదు, ఉన్నది ఆఫీసు ఇచ్చిన 3 లక్షల హెల్త్ కవర్ మాత్రమే. కోటి రూపాయల టర్మ్, కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం కోసం నిధి రెండు మూడు నెలలు ఆలస్యమైనా పరవాలేదు.

ఆర్‌ఎక్స్100 అమ్మేటప్పుడు పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కాగితాలు అవతలివాడి చేతిలో వదిలేయకండి. కొన్నవాడితో పాటు మీరే వెళ్లి బదిలీ దరఖాస్తు చేయించి, అతని పేరు ఎక్కిన ఆర్‌సీ కాపీ తీసి దగ్గర పెట్టుకోండి.